న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు: మున్సిఫు కోర్టు నుండి సుప్రీంకోర్టు దాకా

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, మొగల్తూరు)

బి.యస్సీ. చదివేవాడికి కోర్టుల గొడవ ఎందుకని ఈ వ్యాసం పేరు చూసి మిత్రులు కొందరు నవ్వారు. మా రూమ్మేటు అయితే "నువ్వు రాస్తే వరి తెగుళ్ళ మీదో, రొయ్యల చెరువుల ఉప్పు మీదో రాయాలి గాని, జడ్జీల మీద ఏం రాస్తావురా" అన్నాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. నేను లా చదివినవాణ్ణి కాను. మాది వ్యవసాయ కుటుంబం. సొంతం రెండెకరాలు, కౌలుకు మరో మూడెకరాలు. సార్వా, దాళ్వా అంటే తెలుసు గాని సెక్షన్లంటే తెలియని ఇంట్లో పుట్టాను. అయితే ఆ రెండెకరాల గట్టు మీదనే మా కుటుంబం పదకొండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగింది. అందుచేత జడ్జి అంటే ఎవరు, ఆయన పని ఏమిటి అన్న ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురైన ప్రశ్న కాదు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివినప్పుడు, మన గోదావరి గట్టునే పుట్టి భారతదేశ ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారి జీవితం నా కంటబడింది. ఆయన్ను గురించి నాకు తెలిసింది మిత్రులతో పంచుకోవాలనే ఈ చిన్న ప్రయత్నం. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మొదటి మెట్టు కోర్టు

ముందుగా ఒక విషయం తేల్చుకుందాం. పేపర్లలో మనం చదివేవన్నీ హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులే. కాని దేశంలో సామాన్యుడు చూసే కోర్టు అది కాదు. అతను చూసేది మున్సిఫు కోర్టు. దానినే ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు అంటున్నారు. మా తాత మాత్రం చివరిదాకా "మునసబు కోర్టు" అనే అన్నాడు. దానిపైన సీనియర్ సివిల్ జడ్జి, ఆ పైన జిల్లా జడ్జి. క్రిమినల్ కేసులయితే మేజిస్ట్రేటు, సెషన్సు జడ్జి. వీటినే విచారణ కోర్టులు అంటారు.

విచారణ కోర్టులో జడ్జిగారు చేసే పని ఏమిటి? వాది దావా వేస్తాడు. ప్రతివాది జవాబు దాఖలు చేస్తాడు. ఇద్దరికీ ఎక్కడెక్కడ తేడా ఉందో చూసి జడ్జిగారు ఇష్యూలు రాస్తారు. తరువాత సాక్షులు బోనెక్కుతారు. ముందు తన ప్లీడరు అడిగించే చీఫ్, ఆ పైన ఎదుటి ప్లీడరు చేసే క్రాసు. కాగితాలకు నంబర్లు వేస్తారు. చివరికి "ఇది జరిగింది, ఇది జరగలేదు" అని జడ్జిగారు తేలుస్తారు. ఆ తేల్చిన విషయాలకు చట్టాన్ని అన్వయించి డిక్రీ ఇస్తారు.

అప్పీలు కోర్టులో మామూలుగా సాక్షులు రారు. అక్కడికి వెళ్ళేది కింది కోర్టులో టైపు చేసిన కాగితాల కట్ట. కెమిస్ట్రీ ల్యాబులో టైట్రేషను చేసేవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. రంగు మారిన క్షణాన్ని కళ్ళతో చూసేది ఫ్లాస్కు దగ్గర నిలబడినవాడే. రికార్డు పుస్తకంలోకి ఎక్కేది ఒక అంకె మాత్రమే. తరువాత ఎంత గొప్ప ప్రొఫెసరు గారు లెక్క సరిచూసినా ఆ అంకె మీదనే చూడాలి. రీడింగు తప్పయితే పై లెక్క ఎంత సరిగ్గా చేసినా జవాబు తప్పే.

అమెరికాలో రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. ఫెడరల్ కేసుల విచారణకు దేశాన్ని 94 జిల్లాలుగా విభజించుకున్నారు. అక్కడి విచారణ జడ్జిని దేశాధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేటు ఆమోదించాలి. ఆయనకు రిటైర్మెంటు వయస్సు లేదు. సత్ప్రవర్తన ఉన్నంతకాలం పదవిలో ఉండవచ్చు. మన దేశంలో అలా రెండు వరుసలు లేవు. ఒకే నిచ్చెన. కేంద్ర చట్టమైనా, రాష్ట్ర చట్టమైనా అదే కోర్టులో అదే జడ్జి చూస్తారు. జిల్లా జడ్జిని హైకోర్టును సంప్రదించి గవర్నరు నియమిస్తారు. హైకోర్టు జడ్జికి 62, సుప్రీంకోర్టు జడ్జికి 65 ఏళ్ళకు పదవీ విరమణ. మన నిచ్చెనకు అడుగు మెట్టు మున్సిఫు కోర్టు, చివరి మెట్టు సుప్రీంకోర్టు. ఆ రెండు మెట్ల మీదా నిలబడిన మనిషి సుబ్బారావు గారు.

బాల్యం, విద్య, వృత్తి

సుబ్బారావు గారు 1902 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రిగారు ప్లీడరు. ఆయన చిన్నతనంలోనే తండ్రి గతించారు. రాజమండ్రి గవర్నమెంటు ఆర్ట్సు కాలేజీలో చదివి, మద్రాసు లా కాలేజీలో న్యాయశాస్త్రం చదివారు. విద్యార్థిగా ఉన్నప్పుడు మంచి ఆటగాడని పేరు. మన కాలేజీ టీము మిత్రులు ఈ సంగతి గమనించాలి! ఆటలాడేవాడికి చదువు రాదనే పెద్దలకు చెప్పడానికి ఇదొక మంచి ఉదాహరణ.

మద్రాసులో మామగారు పాకాల వెంకటరమణారావు నాయుడు గారి వద్ద వృత్తి నేర్చుకున్నారు. మధ్యలో కొద్ది నెలలు బాపట్లలో జిల్లా మున్సిఫుగా పనిచేశారు. ఆ కాస్త కాలమే ఆయన అడుగు మెట్టు మీద కూర్చున్నది. మామగారు జడ్జి పదవికి వెళ్ళిన తరువాత, బావమరిది పి.వి. రాజమన్నారు గారితో కలిసి మద్రాసులో ప్రాక్టీసు సాగించారు. ఈ రాజమన్నారు గారే తరువాత మద్రాసు హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. "తప్పెవరిది" అనే తెలుగు నాటకం రాసినవారు కూడా ఆయనే.

1948లో సుబ్బారావు గారు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. 1954 జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ప్రారంభమైనప్పుడు దాని తొలి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావు గారే. అంతవరకు మన జిల్లా రైతు అప్పీలు వేసుకోవాలంటే మద్రాసు మెయిలు ఎక్కవలసి వచ్చేది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడగా దానికి మొదటి చాన్సలరు కూడా ఆయనే. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరించాక హైకోర్టు హైదరాబాదుకు తరలింది. అక్కడా ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958 జనవరి 31న సుప్రీంకోర్టుకు వెళ్ళారు.

ఇక ఆయన తీర్పుల్లో నాకు అర్థమైనంత వరకు నాలుగైదింటిని గురించి చెప్తాను. ఎన్నుకోవడంలో ఒకటే చూశాను. మన ఊళ్ళ బతుకుకు ఏది దగ్గరగా ఉందో అది.

విన్నవాడే తేల్చాలి

ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఏడాదే మన రాష్ట్రం కేసు ఒకటి ఆయన ముందుకు వచ్చింది. కృష్ణా జిల్లాలో కొన్ని రూట్ల ప్రైవేటు బస్సులను తీసివేసి ప్రభుత్వ బస్సులే నడపాలని స్కీము వేశారు. బస్సు యజమానులు అభ్యంతరాలు పెట్టుకున్నారు. చట్టప్రకారం వాళ్ళను పిలిచి వినాలి. విన్నారు కూడా. అయితే విన్నది రవాణా వ్యవహారాలు చూసే కార్యదర్శిగారు. ఆర్డరు వేసింది ముఖ్యమంత్రిగారు. దీనిమీద గుల్లపల్లి నాగేశ్వరరావు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అనే కేసు నడిచింది.

1958లో మెజారిటీ తీర్పు రాసింది సుబ్బారావు గారు. అందులో ముఖ్యమైన మాటలు రెండు. స్కీము తెచ్చిన శాఖకు పెద్దగా ఉన్నవారే దాని మీద అభ్యంతరాలు వినడం తన కేసుకు తానే జడ్జి కావడం వంటిది. రెండవది, ఒకరు విని మరొకరు నిర్ణయిస్తే ఆ వినడం వట్టి తంతు అవుతుంది. ఎదుట నిలబడి చెప్పుకునే మనిషిని చూస్తే అతని తీరు తెలుస్తుంది, అనుమానం ఉంటే అక్కడికక్కడే అడిగి తీర్చుకోవచ్చు. ఆ అవకాశం కాగితం చదివేవారికి ఉండదు.

బస్సులు ప్రభుత్వం నడపకూడదని ఆయన అనలేదు. రెండోసారి ముఖ్యమంత్రిగారే స్వయంగా విని నిర్ణయిస్తే, ఆ పద్ధతిని కోర్టు తప్పు పట్టలేదు. అంటే ఆయన పట్టుకున్నది ఫలితాన్ని కాదు, పద్ధతిని.

ఇది చదివినప్పుడే నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఎందుకో చెప్పాలంటే మా గట్టు తగాదా చెప్పాలి.

మా చేనుకూ పక్క చేనుకూ మధ్య ఒక పంట బోదె ఉంది. ఆ బోదె గట్టు ఎవరిదన్నది తగాదా. 2009లో దావా పడింది. ఊరు పేరూ, కోర్టు పేరూ ఇక్కడ అవసరం లేదు. 2014లో మా తాత సాక్ష్యం చెప్పాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. చూపిస్తానని నన్ను కూడా తీసుకెళ్ళాడు. చీఫ్ అఫిడవిట్టుగా ప్లీడరు గారు ముందే టైపు కొట్టించారు. క్రాసు మాత్రం జడ్జిగారి ఎదుటే జరిగింది. ఎదుటి ప్లీడరు "బోదె వెడల్పెంత, అడుగుల్లో చెప్పు" అన్నాడు. మా తాతకు అడుగులు తెలియవు. రెండు చేతులూ బార చాపి, "ఇంతండి, దీనిమీద ఇంకో మూరెడండి, ఆయ్" అని చూపించాడు. కోర్టులో అందరూ నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. ఆవిడ కాస్త ముందుకు వంగి, "పెద్దాయనా, గట్టు మీద ఏ చెట్లున్నాయి, ఎవరు నాటారు?" అని అడిగారు. తాత మూడు కొబ్బరి చెట్ల సంగతీ, వాటిని నాటిన ఏడాదీ చెప్పాడు.

ఆరు నెలలకు ఆవిడకు బదిలీ అయింది. తరువాత వచ్చినవారూ వెళ్ళారు. 2020లో తీర్పు రాసింది మూడో జడ్జిగారు. తాత సాక్ష్యం కాగితంలో ఉన్నది ఒకటే వాక్యం: బోదె వెడల్పు అడుగులలో చెప్పలేనని సాక్షి ఒప్పుకున్నాడు. అది అబద్ధం కాదు. తాత నిజంగానే అడుగుల్లో చెప్పలేదు. కాని బార, మూర కాగితంలోకి ఎక్కలేదు. కొబ్బరి చెట్ల సంగతి ఎక్కింది గాని, దానిని ఎవరూ పట్టించుకున్నట్టు తీర్పులో కనబడలేదు. దావా పోయింది.

"ఆయమ్మ నా మొగం సూసింది, ఈయన కాయితం సూశాడు. అంతేరా" అన్నాడు తాత. ఆ తరువాతి సంవత్సరమే పోయాడు. నాన్న అప్పీలుకు వెళ్ళలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆ మూడో జడ్జిగారు చట్టవిరుద్ధంగా ఏమీ చేయలేదు. సివిల్ ప్రొసీజర్ కోడు 18వ ఆర్డరు 15వ రూలు ప్రకారం, ముందు జడ్జి రికార్డు చేసిన సాక్ష్యం మీద తరువాత వచ్చిన జడ్జి తీర్పు చెప్పవచ్చు. లేకపోతే ఒక్కొక్క బదిలీకీ దావా మళ్ళీ మొదటి నుంచి నడపాలి. అది ఇంకా ఘోరం. గట్టు మాది కాదేమో కూడా, నాకు తెలియదు. ఎదుటివాళ్ళకూ ఒక తాత ఉన్నాడు, అతనికీ ఒక కథ ఉంది. కాని బస్సుల కేసులో సుబ్బారావు గారు చెప్పిన మాట ఎంత నిజమో మా ఇంట్లో అనుభవానికి వచ్చింది. గెలిచినా ఓడినా, మా మాట విన్నవారే తేల్చారన్న తృప్తి మనిషికి కావాలి.

మూడు గంటల వ్యవధి

రెండవది నానావతి కేసు. దీని మీద సినిమాలు కూడా వచ్చాయి కాబట్టి చాలామందికి తెలిసే ఉంటుంది. నౌకాదళంలో కమాండరు నానావతి. భార్యకు మరొకరితో సంబంధం ఉందని ఆమె నోటనే విని, 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో ప్రేమ్ అహుజా అనే అతన్ని రివాల్వరుతో కాల్చాడు. పేపర్లూ, జనమూ నానావతి పక్షం. జ్యూరీలో తొమ్మండుగురిలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు.

ఇక్కడ విచారణ జడ్జి పాత్ర గమనించండి. సెషన్సు జడ్జిగారు జ్యూరీ మాటతో ఏకీభవించలేదు. సాక్ష్యం చూస్తే ఏ బుద్ధిమంతుడూ అలా అనడని అభిప్రాయపడి కేసును హైకోర్టుకు పంపారు. ఊరంతా చప్పట్లు కొడుతున్న వేళ ఆ పని చేయడానికి ధైర్యం కావాలి. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 1961 నవంబరులో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. ఆ తీర్పు రాసింది సుబ్బారావు గారు.

నానావతి వాదన ఏమిటంటే, తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టబడి చేశాను కాబట్టి హత్య కాదని. సుబ్బారావు గారు ఆ మధ్యాహ్నాన్ని గడియారం పెట్టి చూశారు. భార్య చెప్పిన తరువాత అతను ఆమెనూ పిల్లలనూ సినిమా హాలు దగ్గర దించాడు. ఓడకు వెళ్ళాడు. వేరే కారణం చెప్పి రివాల్వరూ, ఆరు తూటాలూ తీసుకున్నాడు. అహుజా ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ లేకపోతే ఇంటికి వెళ్ళాడు. ఇంటి నుండి బయలుదేరింది 1.30కి, కాల్చింది 4.20కి. ఇంచుమించు మూడు గంటలు. కోపం చల్లారడానికి చాలినంత వ్యవధి ఉంది కాబట్టి అది హఠాత్తు కాదన్నారు.

అతని మీద జాలి పడవచ్చు. జాలి చూపవలసిన చోటు వేరే ఉంది. 1964లో గవర్నరు క్షమాభిక్ష ఇచ్చారు. కోర్టు పని మాత్రం గడియారం చూడడమే. క్రిమినల్ కేసుల్లో జ్యూరీ పద్ధతి ఆ తరువాత క్రమంగా తగ్గి, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడుతో పోయింది.

అర్ధరాత్రి తలుపు

మూడవది ఖడక్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో ఇతన్ని 1941లో దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. కాని పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. చౌకీదారూ, పోలీసులూ రాత్రిళ్ళు వచ్చి తలుపు తట్టడం, ఊరు వెళ్ళాలంటే చెప్పి వెళ్ళమనడం, వెంట కనిపెట్టి ఉండడం మొదలైంది.

1962 డిసెంబరు 18న ఆరుగురు జడ్జీలు తీర్పు చెప్పారు. మెజారిటీ వారు రాత్రి పూట ఇంటికి వెళ్ళడం మాత్రం కొట్టేశారు. తక్కిన నిఘా ఉండవచ్చునన్నారు. ఏకాంతంగా బతికే హక్కు మన రాజ్యాంగంలో లేదన్నారు. సుబ్బారావు గారు, జస్టిస్ షా గారు దీనికి ఒప్పుకోలేదు. ఆ హక్కు పేరు రాజ్యాంగంలో లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది ముఖ్యమైన భాగమేనని, కనబడని కాపలా మధ్య తిరిగే మనిషిని స్వేచ్ఛగా తిరుగుతున్నాడని ఎలా అంటామని సుబ్బారావు గారి వాదన. మొత్తం నిబంధననే కొట్టివేయాలన్నారు.

అది ఓడిన తీర్పు. కాని ఓడిన తీర్పులు కూడా లైబ్రరీలో ఉంటాయి. 55 ఏళ్ళ తరువాత, 2017 ఆగస్టు 24న, ఆధార్ విషయమై వచ్చిన పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పి, ఖడక్ సింగ్ కేసులో సుబ్బారావు గారి మాటే సరియైనదని అన్నారు. మన జేబుల్లోని ఫోన్ల కాలంలో ఆ తీర్పు విలువ వేరే చెప్పనక్కరలేదు.

భూమి, గోలక్‌నాథ్ కేసు

1966 జూన్ 30న సుబ్బారావు గారు భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసు తీర్పు వచ్చింది. ఆయన పేరు చెబితే అందరూ తలచుకునేది ఇదే.

పంజాబులో గోలక్‌నాథ్ కుటుంబానికి 500 ఎకరాలకు పైగా భూమి. 1953 నాటి పంజాబు చట్టం ప్రకారం ఒక్కొక్కరు 30 ఎకరాలు ఉంచుకుని, తక్కినదాంట్లో కొంత కౌలుదార్లకు, మిగిలింది మిగులు భూమిగా పోవాలి. ఆస్తి అప్పట్లో ప్రాథమిక హక్కు. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి ఇలాంటి చట్టాలకు రక్షణ కల్పించింది. అలా ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణ పార్లమెంటు చేయవచ్చునా అన్నది ప్రశ్న. పదకొండుమంది జడ్జీల్లో ఆరుగురు కూడదన్నారు, అయిదుగురు చేయవచ్చన్నారు. సుబ్బారావు గారు ఆరుగురి పక్షాన ప్రధాన తీర్పు రాశారు.

కౌలుదారు కొడుకుగా నాకు ఈ తీర్పు మొదట రుచించలేదని దాచకుండా చెప్తున్నాను. 500 ఎకరాల ఆసామి హక్కు కోసం ఇంత పట్టుదల ఎందుకు? దున్నేవాడి సంగతేమిటి? కాని తీర్పు చివర చూస్తే ఒక విశేషం ఉంది. ఈ సూత్రం ఇక ముందు చేసే సవరణలకే వర్తిస్తుందని, ఇదివరకు జరిగిన భూసంస్కరణలను కదపబోమని ఆయన చెప్పారు. దేశమంతటా అప్పటికే చేతులు మారిన పొలాలను వెనక్కి మళ్ళిస్తే కల్లోలం అవుతుందని ఆయనకు తెలుసు. అందుచేత సూత్రం గెలిచింది గాని గోలక్‌నాథ్ కుటుంబానికి భూమి తిరిగి రాలేదు. అమెరికా కోర్టుల్లో వాడే ఈ పద్ధతిని మన దేశానికి తెచ్చింది ఆయనే. దీని మీద విమర్శలు చాలా వచ్చాయి. చట్టం ఈవేళ నుంచి ఇది అని చెప్పడం జడ్జి పని కాదు, శాసనసభ పని అన్నారు విమర్శకులు.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదముగ్గురు జడ్జీలు గోలక్‌నాథ్ తీర్పును తోసిపుచ్చారు. పార్లమెంటు ఏ భాగాన్నైనా సవరించవచ్చు, అయితే రాజ్యాంగ మూలస్వరూపాన్ని మాత్రం చెరపరాదని ఏడుగురు తేల్చారు. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల నుంచి తొలగిపోయింది. భూమి విషయంలో సుబ్బారావు గారి మాట నిలవలేదు. కాని పార్లమెంటుకు కూడా ఒక గట్టు ఉండాలన్న ఆలోచన మాత్రం నిలిచింది. గట్టు ఎక్కడ వేయాలన్నదే తేడా. గట్ల తగాదా తెలిసిన మా బోటి వాళ్ళకు ఇది బాగానే అర్థమవుతుంది!

పాస్‌పోర్టు, రాజీనామా, చివరి రోజులు

1967 ఏప్రిల్ 10న ఆయన బెంచీ మరొక తీర్పు చెప్పింది. అప్పట్లో పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వం ఇష్టం. దానికి ఒక చట్టమంటూ లేదు. సత్వంత్ సింగ్ సాహనీ అనే వ్యాపారి పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చేయమంటే ఆయన కోర్టుకు వచ్చాడు. విదేశానికి వెళ్ళడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దానిని ఆపరాదని ముగ్గురు జడ్జీలు, కాదని ఇద్దరు అన్నారు. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది.

మన మొగల్తూరు, నరసాపురం ప్రాంతాల నుండి, కోనసీమ నుండి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళిన వారెందరో. ఇళ్ళల్లో పనికి వెళ్ళి అప్పులు తీర్చిన ఆడవాళ్ళూ ఎందరో. వారి చేతిలోని ఆ చిన్న పుస్తకం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, చట్టప్రకారం అడిగి తీసుకున్నదని చెప్పుకోగలగడం వెనుక ఈ రాజమండ్రి మనిషి ఉన్నారు.

ఆ మర్నాడే, ఏప్రిల్ 11న, ఆయన పదవి వదిలేశారు. ఇంకా మూడు నెలల సర్వీసు ఉంది. ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. మే 6న జరిగిన ఎన్నికలో జాకీర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్లు, సుబ్బారావు గారికి 3,63,971 ఓట్ల విలువ వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి కుర్చీలోంచి నేరుగా ఎన్నికలోకి రావడం తగునా అని అప్పుడే చాలామంది అడిగారు. ఆ ప్రశ్న సబబైనదే అని నా అభిప్రాయం. ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పిన రెండు నెలలకు ప్రతిపక్షాల అభ్యర్థి అయితే, వెనుకటి తీర్పును కూడా జనం అనుమానంతో చూస్తారు. పెద్దమనిషి జీవితం రాస్తున్నప్పుడు ఇలాంటివి దాటేయడం మర్యాద అనుకుంటారు గాని, ఆయన స్వయంగా జడ్జి. ఇరుపక్షాలూ వినమన్నదే ఆయన నేర్పింది.

ఆయన 1976 మే 6న కన్నుమూశారు. అప్పుడు దేశంలో ఎమర్జెన్సీ. దానికి ఎనిమిది రోజుల ముందే, ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో నిర్బంధించిన మనిషి విడుదల కోసం కోర్టుకెక్కే వీలు లేదని సుప్రీంకోర్టు నాలుగు ఒకటి మెజారిటీతో చెప్పింది. కాదన్న ఒక్కరు జస్టిస్ ఖన్నా. 2017లో పుట్టస్వామి కేసులోనే ఆ తీర్పునూ కొట్టేశారు.

మనం నేర్చుకోవలసింది

మిత్రులారా! సుబ్బారావు గారు మున్సిఫుగా ఉన్నది కొద్ది నెలలే. కాని ఆయన పెద్ద తీర్పుల్లో కూడా అడుగు మెట్టు జడ్జి కనబడతాడు. ఎవరు విన్నారు, ఎవరు తేల్చారు? ఎన్ని గంటలకు బయలుదేరాడు, ఎన్ని గంటలకు కాల్చాడు? రాత్రి తలుపు తట్టింది ఎవరు? తీర్పు ఇస్తే పొలాల్లో ఏమవుతుంది? పెద్ద సూత్రాలకు ముందు ఈ చిన్న ప్రశ్నలు వేసుకున్నారు. సైన్సులో మన మేష్టార్లు చెప్పేదీ అదే కదా: ముందు చూడు, రాసుకో, తరువాత సిద్ధాంతం మాట్లాడు.

నాకు తోచిన రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఒకటి, సాక్షి విచారణ మొదలైన దావా ఆ జడ్జిగారి బదిలీలోపు ముగిసేలా, కనీసం ముసలివాళ్ళ సాక్ష్యాలున్న దావాలైనా ముందు తేలేలా చూడాలి. సాక్షి బారలు, మూరలు చూపితే వాటిని కొలిచి కాగితంలోకి ఎక్కించాలి. అది కష్టమైన పని కాదు. ఒక టేపు చాలు. రెండు, మన కోర్టులు తెరిచిన కోర్టులు. ఎవరైనా వెళ్ళి వెనుక బెంచీలో కూర్చుని చూడవచ్చు. సెలవుల్లో ఒక్కరోజు ఏదైనా విచారణ కోర్టుకు వెళ్ళి కూర్చోమని మిత్రులను కోరుతున్నాను. ప్లీడర్లు, గుమాస్తాలు, వాయిదా కోసం పొద్దున్నే బస్సెక్కి వచ్చిన రైతులు, వీళ్ళను చూస్తే సివిక్సు పుస్తకంలో లేనిది కొంత తెలుస్తుంది.

బి.యస్సీ. తరువాత మూడేళ్ళ లా కోర్సు ఉంది. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకు ఆ మాట చెప్పాను. గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించి, "సదువు. కానీ రేపు జడ్జివైతే ముసిలోళ్ళు సేతులు సాపి సూపిత్తే నవ్వకు" అన్నాడు. పరీక్ష పాసవుతానో లేదో తెలియదు గాని ఆ మాట మాత్రం గుర్తుంచుకుంటాను.